కుమ్మక్కును పట్టుకునే వాక్యం

యూరప్ పోటీ చట్టాన్ని చదవడానికి సిమెంటు కంటే మంచి వస్తువు దొరకదు. ఏ కంపెనీదైనా బస్తా యాభై కిలోలే. గ్రేడు ఒకటే అయితే లోపలి పొడిలో మేస్త్రీ కంటికి ఆనేంత తేడా ఉండదు. బరువు ఎక్కువ, ఆ బరువుకు విలువ తక్కువ. అందుకే దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయి లాభాన్ని తినేస్తుంది. సున్నపురాయి ఉన్నచోటే ఫ్యాక్టరీ పెట్టాలి, పెట్టడానికి వందల కోట్లు కావాలి. కనుక తయారుచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు, ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. ఇలాంటి సరుకు ధర ఒకే వారంలో అన్ని కంపెనీలదీ పెరిగిందనుకోండి. బొగ్గు ఖర్చు పెరిగి పెంచారా, ఒకరిని చూసి ఒకరు పెంచారా, అందరూ ఒకచోట కూర్చుని అనుకుని పెంచారా? మూడింటిలోనూ బయటికి కనిపించేది ఒకటే. మొదటి రెండూ తప్పు కాదు, మూడోది తప్పు. ఆ తేడాను పట్టుకోవడానికి ఒక వాక్యం రాసుకుని, అరవై ఏళ్లకు పైగా దాన్ని తీర్పుల్లో సానపడుతూ వచ్చారు. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

నల్లగొండ పిల్లలకు ఈ పాఠం ఇంటి పక్కనే ఉంది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి మొదలుకొని దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెర్వు దాకా నది ఒడ్డంతా సున్నపురాయి, దాని వెంట సిమెంటు ఫ్యాక్టరీలు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక కొన్ని సూర్యాపేటకు పోయాయి గానీ రాయి ఒకటే. ఈ ప్రాంతం నుంచి వెళ్లి శామీర్‌పేటలోని నల్సార్‌లోనో, లండన్ కింగ్స్ కాలేజీలోనో, బెల్జియంలో బ్రూజ్ పట్టణపు కాలేజ్ ఆఫ్ యూరప్‌లోనో పోటీ చట్టం చదివే విద్యార్థికి, పాఠాల్లో పదేపదే సిమెంటు ఎదురవుతుంది. 1967 నాటి తొలి సిమెంటు తీర్పు ఒకటి, 1994లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన నిర్ణయం ఒకటి, దాని మీద 2004లో వచ్చిన తుది తీర్పు ఇంకొకటి. ఇటు తిరిగి చూస్తే 2012లో మన కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన సిమెంటు ఉత్తర్వు.

ముందు ఆ వాక్యాన్ని విప్పి చూద్దాం. 1957 మార్చి 25న రోమ్‌లో ఆరు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందంలో అది 85వ ఆర్టికల్. 1999లో 81 అయింది, 2009 డిసెంబరు నుంచి 101. అంకె రెండుసార్లు మారినా మాటలు దాదాపు మారలేదు. సభ్యదేశాల మధ్య వర్తకం మీద ప్రభావం చూపగలిగేవి, పోటీని ఆపడం, తగ్గించడం, వక్రం చేయడం ఉద్దేశంగా గానీ ఫలితంగా గానీ ఉన్నవి అయిన మూడు రకాల పనులను అది నిషేధిస్తుంది: సంస్థల మధ్య ఒప్పందాలు, సంస్థల సంఘాలు చేసే నిర్ణయాలు, కూడబలుక్కుని నడుచుకోవడం.

మూడు రకాలు ఎందుకు? ఒప్పందం ఒక్కటే నిషేధిస్తే, కాగితం మీద పెట్టకుండా సంఘం మీటింగులో తీర్మానం చేస్తారు. సంఘాన్నీ కలిపితే, తీర్మానం లేకుండా టీ తాగుతూ మాట్లాడుకుని వెళ్లిపోతారు. అందుకని మూడో రకం. వ్యాపారి ఏ సందులోంచి తప్పుకుంటాడో ముందే ఊహించి, ఆ సందు దగ్గర ఒక మాట పెట్టారు. అంతకు మించి ఒక్క మాట కూడా వేయలేదు. చట్టాలు రాసేవాళ్లు భయంతో వాక్యాన్ని సాగదీస్తుంటారు. ఇక్కడ ఆ భయం కనిపించదు.

ఆ వాక్యంలో ‘సంస్థ’ అన్న మాటకు ఒప్పందంలో ఎక్కడా నిర్వచనం లేదు. అది యూరప్ కోర్టుకు వదిలిపెట్టారు. 1991లో హోఫ్నర్ కేసులో కోర్టు తేల్చింది: ఆర్థిక కార్యకలాపం ఏదైనా చేస్తుంటే చాలు, దాని చట్టపరమైన రూపం ఏమిటి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది అక్కర్లేదు. ఆ కేసులో సంస్థ ఏమిటంటే జర్మనీలో ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ కార్యాలయం. చేసే పనిని బట్టి పేరు తప్ప, బోర్డును బట్టి కాదు.

‘ఉద్దేశంగా గానీ ఫలితంగా గానీ’ అన్నచోట ఆ ‘గానీ’కి 1966లో సొసియేతే టెక్నిక్ మినియేర్ తీర్పు ప్రాణం పోసింది. రెండూ నిరూపించనక్కర్లేదు, ఒకటి చాలు. ధరలు కట్టేయడం, ఊళ్లు పంచుకోవడం వంటివి చూడగానే ఉద్దేశం తేలిపోయేవి. వాటికి ఫలితాల లెక్క అడగరు. ఉద్దేశం తేలని ఒప్పందాలకు మాత్రం, అది లేకపోతే మార్కెట్ ఎలా ఉండేదో ఆర్థికవేత్తలు లెక్కలతో చూపాలి. చట్టాన్ని అమలుచేసే యూరోపియన్ కమిషన్‌కు ఎక్కడ శ్రమ పడాలో, ఎక్కడ అక్కర్లేదో ఒక్క మాట నిర్ణయిస్తుంది.

ఆ ఆర్టికల్‌లో రెండో పేరా చిన్నది: ఇలాంటి ఒప్పందం చెల్లదు. మూడో పేరా మాత్రం జాగ్రత్తగా చూడాలి. కలిసి పనిచేయడమంతా తప్పే అయితే చిన్నవాళ్లు బతకలేరు. మిర్యాలగూడలో మూడు చిన్న రైస్ మిల్లులు కలిసి బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్ ఒకటి కొని వంతులవారీగా వాడుకున్నాయనుకుందాం. బియ్యం నాణ్యత పెరిగింది, అది మొదటి షరతు. ఆ లాభంలో కొనేవాడికి న్యాయమైన వాటా చేరాలి, అది రెండోది. ఒప్పందంలో ఉన్న ఆంక్ష ఆ పనికి తప్పనిసరిదై ఉండాలి, మూడోది. పోటీ పూర్తిగా మాయం కాకూడదు, నాలుగోది. మిషన్ పంచుకోవడం ఈ నాలుగూ దాటుతుంది. అదే కాగితంలో ‘ముగ్గురమూ బియ్యం ఒకే ధరకు అమ్ముదాం’ అని ఒక లైను చేర్చితే మూడో షరతు దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే మిషన్ పంచుకోవడానికి ధర ఒకటిగా ఉండాల్సిన పనిలేదు. మంచి ఒప్పందంలోకి దూరిన చెడ్డ షరతును విడదీయడానికి ఈ మూడో షరతు చేసే పని నాకు చాలా ఇష్టం.

ఇక అసలు కష్టం దగ్గరికి, కూడబలుక్కోవడం దగ్గరికి వద్దాం. కాగితం లేదు, తీర్మానం లేదు. మరి ఎట్లా పట్టుకోవాలి? దీనికి కోర్టు ఒకేసారి జవాబు చెప్పలేదు, మూడు మెట్లలో చేరుకుంది.

మొదటి మెట్టు 1972 జూలై 14న వచ్చిన రంగుల కేసు. బట్టలకు వేసే అద్దకపు రంగులు తయారుచేసే కంపెనీలు 1964లో, 1965లో, 1967లో మూడుసార్లు దాదాపు ఒకేసారి, ఒకే శాతంలో ధరలు పెంచాయి. 1964లో కంపెనీలు తమ శాఖలకు పంపిన ఆదేశాలు దాదాపు ఒకే మాటల్లో ఉన్నాయి. కోర్టు చెప్పిన నిర్వచనం సారాంశం ఇది: ఒప్పందం దాకా పోకపోయినా, పోటీలో ఉండే రిస్కు స్థానంలో తెలిసి తెలిసి సహకారాన్ని పెట్టుకోవడమే కూడబలుక్కోవడం. ‘రిస్కు’ అన్న మాట ఇక్కడ కీలకం. రేపు ఎదుటివాడు ధర ఎంత పెడతాడో తెలియకపోవడమే పోటీ. ఆ తెలియకపోవడాన్ని మాట్లాడుకుని తొలగించుకుంటే పోటీ పోయినట్టే.

రెండో మెట్టు 1975 నాటి చక్కెర కేసు. ప్రతి వ్యాపారీ తన విధానం తానే నిర్ణయించుకోవాలి అంది కోర్టు. వెంటనే, ఎదుటివాడు చేస్తున్నది కళ్లతో చూసి తెలివిగా సర్దుకునే హక్కు మాత్రం ఉంది అనీ అంది. చూడటం తప్పు కాదు, ఎదుటివాడి రేపటి అడుగు ముందే తెలిసేలా సంబంధం పెట్టుకోవడం తప్పు. ఎదురు బొదురు దుకాణాల్లో ఒకడు బోర్డు మీద ధర మారిస్తే రెండోవాడు చూసి మార్చుకోవచ్చు. మార్చబోయే ముందు ఫోన్ చేయకూడదు.

మూడో మెట్టు నా దృష్టిలో అన్నింటిలోకీ మేలైన పని: 1993 మార్చి 31న వచ్చిన కలప గుజ్జు కేసు. కాగితం తయారీకి వాడే గుజ్జు అమ్మే ఫిన్లాండ్, స్వీడన్, అమెరికా, కెనడా కంపెనీలు మూడు నెలలకోసారి ముందుగానే ధరలు ప్రకటించేవి. ప్రకటనలు దాదాపు ఒకేసారి వచ్చేవి, ధరలూ ఒకేలా ఉండేవి. 1984లో కమిషన్ నలభైకి పైగా సంస్థల మీద నిర్ణయం ఇచ్చింది. కోర్టు ఆ నిర్ణయాన్ని చదివి ఊరుకోలేదు, సొంతంగా ఆర్థిక నిపుణులను పెట్టి ఆ మార్కెట్ ఎలా నడుస్తుందో పరీక్ష చేయించింది. కాగితం ధరలో గుజ్జు వాటా చాలా ఎక్కువ కనుక ముందే ధర చెప్పమని కాగితం మిల్లులే అడిగేవని, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కొద్దిమందే కనుక వార్త గంటల్లో అందరికీ చేరేదని, ఒకే ఏజెంటు పలు కంపెనీలకు పనిచేసేవాడని, వ్యాపార పత్రికలు ధరలు వెంటనే అచ్చేసేవని తేలింది. ధరలు ఒకేసారి ఒకేలా ఉండటానికి కుమ్మక్కు కాకుండా మరో నమ్మదగ్గ కారణం కనిపించింది. అంతే, కమిషన్ నిర్ణయంలో చాలా భాగం కొట్టేశారు. ఆ తీర్పు వదిలిన సూత్రం: ధరలు సమాంతరంగా నడవడం కుమ్మక్కుకు రుజువు కావాలంటే, కుమ్మక్కు తప్ప మరో వివరణ నమ్మదగ్గది కాకుండా ఉండాలి. శిక్షించే అధికారం ఉన్నచోట కోర్టు చూపిన ఈ ఓపిక చూశాకే నాకు ఈ చట్టం మీద గౌరవం స్థిరపడింది.

అయితే నిజంగా కలిసి మాట్లాడుకున్నట్టు తేలితే కోర్టు మెత్తబడదు. 2001 జూన్ 13న నెదర్లాండ్స్ మొబైల్ కంపెనీల ప్రతినిధులు ఒకసారి కలిసి, డీలర్ల కమీషన్ తగ్గించే సంగతి మాట్లాడుకున్నారు. ఒకే ఒక్క మీటింగు. 2009 జూన్ 4న కోర్టు, ఒక్క మీటింగు కూడా చాలవచ్చు అంది. సంఖ్య కాదు, ఆ మాటల తర్వాత ఎవరికైనా రేపటి గురించి తెలియని సంగతి మిగిలిందా లేదా అన్నదే ప్రశ్న.

సిమెంటు కేసులో ఈ మెట్లన్నీ ఒకచోట చేరాయి. 1989 ఏప్రిల్‌లో కమిషన్ అధికారులు యూరప్ అంతటా సిమెంటు కంపెనీల్లో సోదాలు చేశారు. ఎవరి దేశపు మార్కెట్‌ను వాళ్లకే వదిలేయాలన్న అవగాహన పరిశ్రమ సంఘం సెంబ్యూరోలో కుదిరిందని కమిషన్ తేల్చింది. దానికి ఆధారాల్లో ఒకటి 1983 జనవరి 14 నాటి మీటింగు. 1994 నవంబరు 30న 33 కంపెనీల మీద, వాటి సంఘాల మీద మొత్తం సుమారు 24.8 కోట్ల ఎక్యూల జరిమానా పడింది. ఎక్యూ అంటే యూరోకు ముందున్న లెక్క. 2000 మార్చిలో అప్పీళ్లను మొదట విన్న కింది కోర్టు వేల పేరాల తీర్పులో ఒక్కో కంపెనీని, ఒక్కో కాలాన్ని విడిగా తూచి, జరిమానాలను సుమారు 11 కోట్ల యూరోలకు తగ్గించింది. 2004 జనవరి 7న ఆల్‌బోర్గ్ పోర్ట్‌లాండ్ పేరుతో పై కోర్టు తీర్పు వచ్చింది. కుమ్మక్కు చేసేవాళ్లు రహస్యంగానే చేస్తారు, కాగితాలు తక్కువ ఉంటాయి, కనుక విడివిడిగా చాలని ఆధారాలను కలిపి చూసి, మరో నమ్మదగ్గ వివరణ లేకపోతే తప్పు తేల్చవచ్చు అంది ఆ తీర్పు. పోచంపల్లి మగ్గం తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. చిటికి కట్టి అద్దిన నూలు విడిగా చూస్తే అక్కడో రంగు, ఇక్కడో రంగు. మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడే పువ్వు తేలుతుంది. ఒక మీటింగు తేదీ, ఒక సర్క్యులర్, ధర పెరిగిన వారం విడిగా ఏమీ చెప్పవు. ఒక దాని మీద ఒకటి సరిగ్గా పడితేనే చెబుతాయి, సరిగ్గా పడకపోతే వదిలేయాలి.

మన చట్టం ఈ పనినంతా చూసి రాసుకున్నదే. 1999లో వేసిన ఎస్.వి.ఎస్. రాఘవన్ కమిటీ 2000లో నివేదిక ఇచ్చింది. గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే పాత ఎంఆర్‌టీపీ చట్టం స్థానంలో 2002 కాంపిటీషన్ చట్టం వచ్చింది. కుమ్మక్కుకు సంబంధించిన సెక్షన్ 3 2009 మే 20 నుంచి అమలైంది. సెక్షన్ 2(బి)లో ఒప్పందం అంటే ఏ ఏర్పాటైనా, అవగాహనైనా, కలిసి చేసిన పనైనా, రాతలో ఉన్నా లేకపోయినా, కోర్టులో అమలు చేయించుకునే ఉద్దేశం ఉన్నా లేకపోయినా అని ఉంటుంది. యూరప్ మూడు రకాలుగా పెట్టిన దాన్ని మనవాళ్లు ఒక నిర్వచనంలోకి కుదించారు. ధర కట్టడం, ఉత్పత్తి తగ్గించడం, మార్కెట్ పంచుకోవడం, టెండర్లలో కుమ్మక్కు అనే నాలుగింటి విషయంలో పోటీకి చెడుపు జరిగిందని చట్టమే ముందుగా భావిస్తుంది. కాదని చూపే భారం కంపెనీలది. యూరప్ ‘ఉద్దేశం’ అన్న మాటతో సాధించిన దాన్ని మనం ఈ భావనతో సాధించాం. నాకైతే యూరప్ వాక్యమే అందంగా ఉంటుంది, కానీ వాడటానికి మనది తేలిక.

దాని వాడకం చూడాలంటే గోదాముల కేసు చూడాలి. మిల్లుల నుంచి బియ్యం చేరే ఫుడ్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు పెడతారు. 2009లో ఎఫ్‌సీఐ పిలిచిన టెండరుకు ముగ్గురు తయారీదారులు వేర్వేరు కవర్లలో ధర రాసి ఇచ్చారు. మూడు కవర్లలోనూ కిలోకు 388 రూపాయలే. ముగ్గురి ఖర్చులు వేరు, ఫ్యాక్టరీలు వేరు, ధర మాత్రం రూపాయి అటూ ఇటూ కాకుండా ఒకటే. 2017 మే 8న సుప్రీంకోర్టు కుమ్మక్కు నిర్ధారణను నిలబెట్టింది, జరిమానా మాత్రం ఆ ఒక్క సరుకు అమ్మకం మీదే లెక్కించాలంది. 2023 సవరణ ఆ లెక్కను మళ్లీ మార్చి, మొత్తం టర్నోవరు దాకా పోనిచ్చింది.

సిమెంటు ఉత్తర్వు అంత తేలికైన పని కాదు. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద మన కమిషన్ 2012 జూన్ 20న 11 కంపెనీలనూ, సిమెంట్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్‌నూ తప్పుపట్టింది. జరిమానా మొత్తం సుమారు 6,300 కోట్లు, అంటే 2009-10, 2010-11 సంవత్సరాల లాభంలో సగం. వాడపల్లి దగ్గర విష్ణుపురంలో ఫ్యాక్టరీ నడిపిన ఇండియా సిమెంట్స్ వాటా సుమారు 187 కోట్లు. ఉత్తర్వు తర్కం మూడు పోగులుగా నడుస్తుంది. సంఘం సభ్యుల నుంచి ఉత్పత్తి, సరఫరా, ధరల వివరాలు తెప్పించి మళ్లీ అందరికీ అందుబాటులో ఉంచడం ఒకటి. 2010 నవంబరు, డిసెంబరుల్లో సామర్థ్యం ఉండి కూడా సరఫరా తగ్గడం రెండోది. 2011 ఫిబ్రవరి, మార్చిల్లో సంఘం మీటింగుల తర్వాత ధరలు పెరగడం మూడోది. ధరల వివరాలు ప్రభుత్వం అడిగితేనే సేకరించామని సంఘం వాదించింది. ఆ వాదనను కలప గుజ్జు తీర్పు పక్కన పెట్టి చదవాలి: మరో నమ్మదగ్గ వివరణ ఉందా, లేదా? తరగతిలో ఒకరు కంపెనీల తరఫున, ఒకరు కమిషన్ తరఫున నిలబడి ఒక గంట వాదిస్తే ఈ చట్టం పుస్తకం కంటే బాగా వంటబడుతుంది.

తర్వాత జరిగింది కూడా విద్యార్థి వదలకూడదు. 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఈ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఆధారాలు చాలక కాదు, వాదనలు వినని చైర్‌పర్సన్ ఉత్తర్వు మీద సంతకం చేసినందుకు. విన్నవాడే తీర్పు చెప్పాలి. వందల పేజీల తర్కం ఎంత గట్టిగా అల్లినా, వినడం అన్న ఒక్క పోగు తెగితే మొత్తం విడిపోతుంది. కమిషన్ మళ్లీ వాదనలు విని 2016 ఆగస్టు 31న తిరిగి జరిమానా వేసింది, 2018 జూలైలో పాత ట్రిబ్యునల్ స్థానంలో అప్పీళ్లు వింటున్న ఎన్‌క్లాట్ సమర్థించింది, ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీళ్లను విచారణకు తీసుకుంది.

ఇంతసేపూ పలువురు కలిసి చేసే తప్పు గురించి చెప్పుకున్నాం. ఒక్కడే పెద్దవాడై చేసే తప్పుకు యూరప్‌లో ఆర్టికల్ 102, మన దగ్గర సెక్షన్ 4. అందులో మొదటి ప్రశ్న: ఎందులో పెద్దవాడు? అంటే మార్కెట్‌కు హద్దు గీయాలి. 1978 ఫిబ్రవరి 14 నాటి యునైటెడ్ బ్రాండ్స్ తీర్పు అరటిపండు మీద. కంపెనీ అంది, మాకు ఆపిల్, ద్రాక్ష అన్నింటితో పోటీ, మాది పండ్ల మార్కెట్‌లో చిన్న వాటా. కోర్టు పండును చేతిలోకి తీసుకుని చూసినట్టు చూసింది. మెత్తన, గింజల్లేవు, ఏడాదంతా దొరుకుతుంది, పసిపిల్లలు, ముసలివాళ్లు, రోగులు తినగలరు. ఆపిల్ చవకైందని పళ్లులేని ముసలాయన ఆపిల్‌కు మారడు. కనుక అరటి వేరే మార్కెట్. ఇదే పరీక్షను నల్లగొండ బత్తాయి మీద పెట్టి చూడండి. ఆసుపత్రిలో ఉన్న మనిషికి బత్తాయి రసం ఇస్తారు. ధర పది శాతం పెరిగితే కమలాలకు మారతారా, మారరా? హైదరాబాద్ జ్యూస్ బండివాడు మారతాడా? జవాబు కొనేవాడిని బట్టి మారుతుంది, ఆ మారడంలోనే విద్యార్థికి పని ఉంది. యూనివర్సిటీ పరీక్షల్లో ఇచ్చే ప్రశ్నలు ఇలాగే ఉంటాయి: ఒక కథ చెబుతారు, సంస్థ ఎవరు, మార్కెట్ ఏది, తప్పు ఏ రకం, మినహాయింపు ఉందా అని ఒక్కొక్క మెట్టూ ఎక్కి జవాబు రాయాలి. మెట్టు ఎగరేస్తే మార్కులు పోతాయి.

సరుకు తేలాక ప్రాంతం. మన చట్టం సెక్షన్ 19(6)లో ప్రాంతీయ మార్కెట్‌కు చూడాల్సిన వాటిలో రవాణా ఖర్చు ఉంది, భాష కూడా ఉంది. సిమెంటు విలీనాల్లో యూరోపియన్ కమిషన్ ఫ్యాక్టరీ చుట్టూ వృత్తాలు గీసి, ఆ దూరంలో కొనేవాడికి ఇంకెన్ని ఫ్యాక్టరీలు అందుబాటులో ఉన్నాయో లెక్కపెడుతుంది. ఆ వృత్తం వాడపల్లి మీద గీస్తే మఠంపల్లి, మేళ్లచెర్వు అన్నీ లోపలికి వస్తాయి, వృత్తం తగినంత పెద్దదైతే మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకునే వ్యక్తి కూడా వస్తాడు.

ఈ వృత్తాల అవసరం వాడపల్లి చరిత్రలోనే ఉంది. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అధిపతిగా పనిచేసిన బి.వి. రాజు ఇక్కడ రాశి సిమెంట్స్ స్థాపించారు. 1998లో ఇండియా సిమెంట్స్ దాన్ని చేజిక్కించుకుంది. అప్పట్లో పత్రికలన్నీ షేర్ల పోరాటం గురించి రాశాయి, కానీ ఈ కొనుగోలు తర్వాత సిమెంటు కొనేవాడికి ఎన్ని దారులు మిగులుతాయి అని అడగాల్సిన చట్టమే లేదు. ఎంఆర్‌టీపీ చట్టంలోని విలీనాల నియంత్రణ 1991లోనే తీసేశారు. కొత్త చట్టంలోని విలీనాల సెక్షన్లు 2011 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2024లో ఇదే ఇండియా సిమెంట్స్‌లో ప్రమోటర్ల 32.72 శాతం వాటాను అల్ట్రాటెక్ కొనబోయినప్పుడు, కాంపిటీషన్ కమిషన్ అనుమతి వచ్చాకే డిసెంబరులో ఆ వాటా చేతులు మారింది. అదే ఏడాది అంబుజా చేతికి వెళ్లిన పెన్నా సిమెంట్‌కు గణేశ్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ ఉంది. 1998కీ 2024కీ మధ్య ఒక ఫ్యాక్టరీ కథలో వచ్చిన ఈ తేడాయే ఈ చట్టం మన ఊళ్లో చేసిన పని.

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో లా చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నా విన్నపం ఒకటే. యూరప్ తీర్పులూ, మన కమిషన్ ఉత్తర్వులూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లల చేతికి ముందు 1993 కలప గుజ్జు తీర్పు ఇవ్వండి, తర్వాత 2012 సిమెంటు ఉత్తర్వు, చివర 2015 ట్రిబ్యునల్ ఉత్తర్వు. మూడూ అదే వరుసలో చదివించండి, చదివాక ఒకసారి దామరచర్ల డీలర్ దగ్గరికి తీసుకెళ్లి బస్తా ధర ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారో అడిగించండి.